ఆల్బా ఎవరి గుండె మీద పెరిగింది

పూలతోటలో నూబియా మొగుడి గురించి గొప్పలు చెప్పుకోని రోజంటూ లేదు. మిగతా ఆడవాళ్ళు తాగొచ్చి పడిపోయే మొగుళ్ళ గురించీ, చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయిన మొగుళ్ళ గురించీ గొణుక్కుంటుంటే, ఆమె కార్నేషన్ మొగ్గల్ని కట్టలు కడుతూ తాపీగా అందుకునేది.

"మా ఎవెలియో చొక్కా విప్పేసి పాపని గుండెకి కట్టుకుంటాడు. నేను పొద్దున బస్సెక్కింది మొదలు సాయంత్రం దిగేదాకా. చెప్పుల కుట్టుపనీ అలాగే, వంటా అలాగే."

"పాలు కూడా ఇస్తున్నాడేమో కనుక్కో," అనేది పక్క వరసలో రోసల్బా.

"ఇవ్వగలిగితే ఇచ్చేవాడే."

అందరూ నవ్వేవాళ్ళు. ఆ నవ్వులో కాస్త కుళ్ళు కూడా ఉండేది, ఉండదా మరి. మా బొగొటా కొండవాడల్లో మగాడు పసిబిడ్డని చంకనేసుకుని వీధిలోకి రావడమే అరుదు. అలాంటిది చొక్కా విప్పి, ఆడదానిలా గుడ్డతో బిగించి కట్టుకుని, పగలంతా మోస్తాడంటే ఎవరికి కడుపు మండదు. నూబియాకి మాత్రం ఆ మాట చెప్పినప్పుడల్లా తోటలో చలి కూడా తెలిసేది కాదు. అమ్మల పండుగ దగ్గరికొస్తోంది. ఆ పూలన్నీ ఎక్కడో పరాయి దేశంలో అమ్మలకి వెళ్ళాలి. పనికి రాకపోతే ఇక రావద్దని మేస్త్రీ తెగేసి చెప్పాడు. బాలింత ఒంటితోనే, పాలు పిండి గిన్నెలో పెట్టి ఆమె తోటకి వెళ్ళిందంటే, ఇంట్లో ఎవెలియో గుండె ఉందన్న ధైర్యంతోనే వెళ్ళింది.

ఆల్బా నెలలు నిండకుండా పుట్టింది. చూసినవాళ్ళు పిల్ల అనలేదు, చర్మం ఒలిచిన కుందేలు పిల్లలా ఉందన్నారు. పెద్దాసుపత్రిలో వెచ్చగా ఉంచే గాజు పెట్టెలు చాలక, ఒక్కోదాంట్లో ఇద్దరేసి ముగ్గురేసి పసివాళ్ళని పడుకోబెట్టేవారు. ఒకరి జబ్బు ఇంకొకరికి అంటుకునేది. అందుకని అక్కడి డాక్టర్లు ఒక పద్ధతి పెట్టారు. కంగారూ తన పిల్లని సంచిలో మోసినట్టు తల్లులే మోయాలి. బిడ్డ ఒంటికి మోసేవాళ్ళ ఒళ్ళు తగలాలి, మధ్యలో నూలుపోగు కూడా అడ్డు ఉండకూడదు. తలకి టోపీ, కాళ్ళకి మేజోళ్ళు, నడుముకో గుడ్డ, అంతే. రొమ్ముల మధ్య నిలువుగా, కప్పపిల్లలా అతుక్కుని ఉండాలి. మోసేవాళ్ళు వెల్లకిలా పడుకోకూడదు, ఒరిగి కూర్చునే నిద్రపోవాలి. స్నానానికి వెళితే ఇంకొకళ్ళు అందుకోవాలి. బిడ్డ తనంతట తాను ఇక చాలని తన్నుకునేదాకా రాత్రీ లేదు పగలూ లేదు.

"ఇది ఊపిరి తీసుకోవడం మర్చిపోతుంటుంది," అని నర్సు గ్రాసియేలా ఇంటికి పంపేరోజు చెప్పింది. "మీ రొమ్ము పైకీ కిందకీ కదులుతుంటే దానికి గుర్తొస్తుంది. మీ వెచ్చదనం తగిలితే పాలు ఒంటికి పడతాయి. కింద పెట్టొద్దు. ఎవరో ఒకరి గుండె మీద ఉండాలి. అర్థమైందా?"

అర్థం కాకేం. నూబియాకి అది రెండో కాన్పు. మొదటివాడు హైరో కూడా ఇలాగే తొందరపడి వచ్చాడు. వాణ్ణి ఇంటికి తెచ్చిన వారంలో అత్తగారు ఓటిలియా చూడడానికి వచ్చింది. వచ్చింది సరే, ఎక్కడినుంచి వచ్చింది? చావింటినుంచి. మా కొండ మీద ఎవరు పోయినా శవానికి స్నానం చేయించి, జడవేసి, దవడకి రుమాలు కట్టి, మంచి బట్టలు తొడిగేది ఓటిలియానే. ఆ పని ముగించుకుని నేరుగా వచ్చి, మనవడు కదా, ఆగలేక ఒళ్ళోకి తీసుకుని ముద్దు పెట్టుకుంది. తర్వాత నాలుగు రోజులకే వాడి ఒళ్ళు చల్లబడింది. మళ్ళీ గాజు పెట్టెలో పెట్టారు. అందులోంచి వాడు తిరిగి రాలేదు.

ఊపిరితిత్తుల్లో చీము అన్నారు డాక్టర్లు. నూబియా చావు చలి అంది. శవాన్ని ముట్టుకున్న చేతికి అంటుకునే చలి అది. పెద్దవాళ్ళని ఏమీ చేయదు, పసిగుడ్డుకి తగిలితే ఎముకల్లోకి దిగుతుంది. డాక్టర్లు ఈ మాట వింటే నవ్వుతారు. నవ్వనీ. ఆ నవ్వే డాక్టర్లు శవం దగ్గర్నుంచి వెళ్ళి తమ మనవణ్ణి ఎత్తుకోగా నేనైతే చూడలేదు.

ఆ రోజునుంచి నూబియా అత్తగారిని అత్తమ్మా అని పిలవలేదు. ఎప్పుడైనా వీధిలో ఎదురుపడితే, ఇరుగుపొరుగు ముసలమ్మని పిలిచినట్టు "దోన్యా ఓటిలియా" అని తప్పుకునేది. ఆల్బా కడుపున పడ్డాక ఎవెలియోని హైరో సమాధి దగ్గరికి తీసుకెళ్ళి, రాయి మీద చెయ్యి వేయించి ఒట్టు పెట్టించుకుంది. ఈ బిడ్డ మీద మీ అమ్మ చెయ్యి పడకూడదు. అతను ఒట్టు పెట్టాడు. ఏడుస్తూ మరీ పెట్టాడు.

సాయంత్రం నూబియా పూలమందుల వాసన పోయేదాకా సబ్బుతో ఒళ్ళంతా రుద్దుకుని వచ్చేసరికి, ఎవెలియో మంచం మీద ఒరిగి, ఆల్బాని కట్టుకుని సిద్ధంగా ఉండేవాడు. ఒక్కోసారి పాప దగ్గర సదాపాకు వాసన వచ్చేది.

"ఇదేంటి, ఏదో వాసన?"

"దిష్టి తగలకుండా సదాపాకు వేసి నీళ్ళు మరిగించా," అనేవాడు. "పక్కింటావిడ చెప్పింది."

మొగుడు ఇంత శ్రద్ధగా చేస్తున్నాడా అని ఆమెకి కళ్ళు చెమర్చేవి. గురువారం గురువారం ఆసుపత్రికి తీసుకెళ్ళి తూకం వేయించేదీ అతనే. వచ్చి పెరిగింది అని చెప్పేవాడు. నిజంగానే పెరిగింది. బుగ్గల్లో ఇంత కండ పట్టింది, మడమలు గుండ్రంగా తిరిగాయి. పాప పెరిగిందన్నది అబద్ధం కాదు. అందుకే ఆమెకి అనుమానం రాలేదు.

ఒక గురువారం తోట మీద వడగళ్ళు పడ్డాయి. ప్లాస్టిక్ కప్పులు చిరిగి, పూలు మట్టిలో కలిశాయి. మధ్యాహ్నం కాకముందే మేస్త్రీ అందరినీ ఇళ్ళకి పొమ్మన్నాడు. నూబియా తోటలోనే స్నానం చేసి, బట్టలు మార్చుకుని, ఇంటికి కాకుండా నేరుగా ఆసుపత్రి బస్సెక్కింది. అంతమంది ఆడవాళ్ళ మధ్య రొమ్ముకి బిడ్డని కట్టుకుని కూర్చున్న ఒకే ఒక్క మగాణ్ణి కళ్ళారా చూడాలని ఆమె ముచ్చట. దారిలో అతనికని రెండు మొక్కజొన్న రొట్టెలు కూడా కొంది.

తూకం హాల్లో కుర్చీలు వరసగా నిండి ఉన్నాయి. అంతా ఆడవాళ్ళే. భుజాల మీద కప్పుకున్న ప్రతి ఉన్ని రువానా కింద ఒక చిన్న టోపీ. నూబియా ఒక్కో ముఖం చూసుకుంటూ వచ్చింది. ఎవెలియో లేడు. ఆలస్యమైందేమో అనుకుంది.

"నిన్నెక్కడో చూశానే. బిడ్డ ఏది?" అని గ్రాసియేలా అడిగింది.

"ఆల్బా వాళ్ళమ్మని. మా ఆయన తీసుకొస్తాడు కదా, ఇంకా రాలేదా?"

గ్రాసియేలా ఆమెని ఎగాదిగా చూసింది. "ఓహో, ఇన్నాళ్ళకి దర్శనమైందన్నమాట. మీ ఆయనెవరో మేమెరగం తల్లీ. మీ అత్తగారే అన్నీ. అదృష్టవంతురాలివి, అలాంటి మనిషి దొరికింది. అదిగో, చివర కూర్చుంది."

చివరి కుర్చీలో ఓటిలియా. బ్లౌజు బొత్తాలు విప్పి, రువానా భుజం మీదకి తోసి ఉంది. ఆ ముసలి గెడ్డం కింద, వదులైన చర్మం మడతల్లో, ఆల్బా టోపీ. నూబియా తన చేత్తో అల్లిన పసుపుపచ్చ టోపీ. పాప నోరు తెరుచుకుని, ప్రపంచంతో పని లేనట్టు నిద్రపోతోంది.

దగ్గరికి వెళుతుంటే నూబియాకి అదే సదాపాకు వాసన వచ్చింది. ఓటిలియా తలెత్తి చూసింది. భయపడలేదు. ముఖమంతా విప్పారింది.

"వచ్చావా తల్లీ," అంది. "ఒక్కసారైనా నీ అంతట నువ్వు వస్తావని అనుకుంటూనే ఉన్నా. చూడు, ఎలా పడుకుందో."

"నా బిడ్డని నాకివ్వండి."

"తీసుకో, నీ బిడ్డ కాక ఎవరి బిడ్డ. నిద్ర లేవనీ..."

"ఇప్పుడే ఇవ్వండి. ఏ ముఖం పెట్టుకుని ముట్టుకున్నారు మీరు? హైరో సరిపోలేదా మీకు?"

కుర్చీల్లో ఆడవాళ్ళంతా ఇటు తిరిగారు. ఓటిలియా అరచేత్తో పాప చెవి కప్పింది.

"నువ్వే కదా పంపించావు," అంది. "వాడొచ్చి చెప్పాడు. నూబియా పాత సంగతులు మర్చిపోయింది, పాపని నీ చేతుల్లోనే పెట్టమంది అని. నేను రెండుసార్లు అడిగాను. నిజంగా తన నోటితోనే అందా అని. అందమ్మా, ఏడుస్తూ అంది అన్నాడు."

"నేనా?"

ఆ ఒక్క మాటతో ముసలావిడకి అంతా అర్థమైంది. తల దించుకుని గుడ్డ ముడి విప్పడం మొదలెట్టింది. ముడి రాలేదు, పక్క కుర్చీ ఆమె సాయం చేయాల్సి వచ్చింది. ఆల్బా ఆ వెచ్చదనంలోంచి విడివడగానే గుక్కపట్టి ఏడ్చింది. నూబియా గుండె మీదికి వచ్చాక కూడా ఏడుపు ఆపలేదు. ఎవరి దగ్గరికో రమ్మంటే రానన్నట్టు తల అటూ ఇటూ రుద్దింది. అంతమంది ముందు, సొంత బిడ్డ. తల కొట్టేసినట్టయింది నూబియాకి.

ఆమె ఇంటికొచ్చేసరికి ఇల్లు ఖాళీగా ఉంది. మంచం మీద గోడకి ఒరిగి, పాపని రొమ్ముకి కట్టుకుని, పైన రువానా కప్పుకుని కూర్చుంది. ఏడవలేదు. ఎదురు చూసింది.

ఎవెలియో ఈల వేసుకుంటూ వచ్చాడు. చేతులకి బంకమట్టి, నోట్లో బీరు వాసన. మందుగుండు పొట్లాలు పెట్టిన మట్టి మీదికి ఇనుప బిళ్ళ విసిరే తేహో ఆట ఆడి వస్తున్నాడని ఎవరైనా చెప్పగలరు. పెళ్ళాన్ని చూసి ఈల ఆపేశాడు.

"ఇంత తొందరగా వచ్చేశావేంటి?"

"వడగళ్ళు పడ్డాయి. పొమ్మన్నారు. పాప ఏది?"

"పాపా... పక్కింటావిడ దగ్గర. ఒక్క నిమిషం పట్టుకోమని ఇచ్చా, బొగ్గులకి వెళ్ళి వద్దామని."

"ఇవాళ గురువారం కదా. ఆసుపత్రికి తీసుకెళ్ళావా?"

"తీసుకెళ్ళకుండా ఉంటానా." ఇక్కడ అతనికి ధైర్యం వచ్చింది, గొంతు సర్దుకుంది. "నర్సమ్మ ఎంత మెచ్చుకుందో తెలుసా. ఇలా మోసే తండ్రిని నా జన్మలో చూడలేదంది. అందరూ నన్నే చూస్తున్నారు. సిగ్గేసిందనుకో."

"నీ గుండె మీదే ఉందా, బస్సులో కూడా?"

"మరెక్కడుంటుంది?"

రువానా కింద ఆల్బా తుమ్మింది.

చిన్న తుమ్ము, పిచ్చుక రెక్క విదిలించినంత. ఎవెలియో ముఖం తెల్లబోయింది. నూబియా రువానా పక్కకి తీసి, పసుపుపచ్చ టోపీని చూపించింది. ఇంకేం అబద్ధం ఆడతాడా అని ఆమె నిజంగానే చూసింది.

"మూడు రోజులు కట్టుకున్నాను నూబియా," అన్నాడు, నీళ్ళు నములుతూ. "ఒట్టు. వర్క్‌షాపువాళ్ళు తోలు ఇవ్వడానికొచ్చి చూశారు. మర్నాటినుంచి వీధిలోకి వెళితే, ఏమ్మా ఎవెలియా అని ఆడపేరు పెట్టి పిలిచారు. పాలు పడ్డాయా అని అడిగారు. నేను మగాణ్ణి కదా. తలెత్తుకు తిరగొద్దా?"

"దానికి మీ అమ్మకి ఇచ్చావు."

"ఇంకెవరున్నారు చెప్పు. పెరిగింది కదా పాప. ఏమీ కాలేదు కదా."

"అది పక్కన పెట్టు. నేను మర్చిపోయానని, నేను రమ్మన్నానని ఎలా చెప్పావు? నా నోట్లోంచి రాని మాట."

"లేకపోతే ముట్టుకోనంది. నూబియా నోటివెంట వస్తే తప్ప వేలు కూడా పెట్టనంది. ఏం చేయమంటావు?"

అంటే ఆమె మాటని నిలబెట్టింది ఆ ముసలావిడ. తెంచింది సమాధి మీద చెయ్యి వేసినవాడు. నూబియాకి ఒళ్ళు మండిపోయింది. క్షమించడమంటూ ఉంటే అది ఆమెది. కడుపుకోతపడ్డది ఆమె. ఎప్పటికైనా ఇస్తుందో ఇవ్వదో ఆమె ఇష్టం. ఆమె పెట్టెలో దాచుకున్నదాన్ని వీడు దొంగతనంగా తీసి పంచిపెట్టి వచ్చాడు, ఎందుకంటే ఎవడో ఆడపేరు పెట్టి పిలిచాడట. తోటలో తను కట్టలు కడుతూ చెప్పిన గొప్పలన్నీ గుర్తొచ్చి చెవులు కాలిపోయాయి. ప్రతి సాయంత్రం అతను సరిగ్గా ఆమె వచ్చే ముందే పాపని తెచ్చి, కట్టుకుని, అలసిపోయినట్టు కళ్ళు మూసుకునేవాడన్నమాట. ఆ కళ్ళని చూసి ఆమె బెల్లం నీళ్ళు కాచి ఇచ్చేది.

"నా బిడ్డని ముట్టుకోకు," అంది.

తోట పని పోయింది. ఆమె ఒక్కతే మోసింది. కూర్చుని తింది, కూర్చుని కునుకు తీసింది. ఒంటరి మనిషి ఎన్ని రోజులు మోస్తుంది. నిద్ర లేక పాలు తగ్గాయి. ఆమె గుండెలో కోపం దడదడలాడుతుంటే దాని మీద పాప ఎలా నిద్రపోతుంది. మడమల గుండ్రం తగ్గింది. మరుసటి తూకం రోజున గ్రాసియేలా ముల్లు చూసి పెదవి విరిచింది.

"తగ్గింది. ఇలాగే ఉంటే గాజు పెట్టెలో పెట్టాల్సొస్తుంది."

"వద్దు సిస్టర్. ఆ పెట్టెలో ఇంకొకణ్ణి పెట్టాను నేను."

"అందుకే చెప్తున్నా. నీ ఒళ్ళు అలిసిపోయింది. పసిదానికి అది తెలిసిపోతుంది. నీకు తోడు ఇంకో ఒళ్ళు కావాలి. నాయనమ్మ ఏది?"

"రాదు."

"పోనీ తండ్రి?"

నూబియా పాప టోపీ సర్ది లేచింది.

ఆదివారం పొద్దున ఎవెలియోనే బతిమాలాడు. నన్ను కట్టుకోనీ, ఒక్కసారి, నువ్వు స్నానం చేసి రా, పడుకో, నా బిడ్డ కాదా అది. ఆమె కళ్ళు మూతలు పడుతున్నాయి. నమ్మకంతో కాదు, ఒంట్లో ఓపిక లేక ఒప్పుకుంది. తనే చొక్కా విప్పించింది, తనే ముడి వేసింది. అతని గుండె వెచ్చగానే ఉంది. ఆల్బా చెంప ఆనించి ఊరుకుంది. ఇలా ముందే చేసుంటే ఏం పోయేదిరా నీకు, అనుకుంటూ నూబియా పెరట్లోకి స్నానానికి వెళ్ళింది.

ఒంటి మీద నీళ్ళు పడ్డాయో లేదో, వీధిలోంచి ఈల వినిపించింది. "ఏమ్మా ఎవెలియా, ఆటకి రావా, చంటిదానికి పాలిస్తున్నావా?" తర్వాత తలుపు చప్పుడు. తర్వాత మగవాళ్ళ నవ్వులు. నూబియా తడి బట్టలతోనే లోపలికి పరుగెత్తింది.

మంచం మీద ఆల్బా వెల్లకిలా ఉంది. మీద దుప్పటి కప్పి ఉంది, ఎంతో జాగ్రత్తగా, మెడ దాకా. గుడ్డ ముడి విప్పి కాళ్ళ దగ్గర పడేసి ఉంది. పాప పెదాలు నీలంగా ఉన్నాయి. కదలడం లేదు.

దాన్ని లాక్కుని రొమ్ముకి అదుముకుంది, వీపు రుద్దింది, అరికాళ్ళు రుద్దింది, తీసుకో తల్లీ, తీసుకో, ఊపిరి తీసుకో అని తన ఊపిరి పైకీ కిందకీ ఎగదోసింది. ఎంతసేపో ఆమెకి తెలియదు. ఆల్బా ఒక్కసారి ఎగశ్వాస తీసి, కీచుమంది. వాకిట్లో చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ ఎవెలియో ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నాడు.

ఆమె పాపని కట్టుకుని, రువానా వేసుకుని, అతన్ని దాటుకుంటూ వెళ్ళిపోయింది. ఎక్కడికని అతను అడిగాడు. ఆమె అప్పటికే మెట్లెక్కుతోంది.

ఓటిలియా ఉండేది కొండ మీద నాలుగు వీధుల పైన. తలుపు వేసి ఉంది. పక్క గుమ్మంలో ఒకావిడ బఠాణీలు ఒలుస్తోంది.

"రొట్టెల దుకాణం దోన్ ఆనిబాల్ పోయాడు కదా," అందావిడ. "స్నానం చేయించడానికి పిలిచారు. ఇప్పుడే వెళ్ళింది. ఇన్నాళ్ళూ ఎవరు కాళ్ళావేళ్ళా పడ్డా వెళ్ళలేదు."

"వెళ్ళలేదా?"

"పాప ఒంటి మీద ఉండగా శవాన్ని ఎలా ముడుతుంది? సొంత చెల్లెలు మెర్సెదెస్ పోతే కూడా ఎదుటి అరుగు మీద నిలబడింది, నీ పిల్లని కట్టుకుని. గుమ్మం తొక్కలేదు. చెల్లెలికి జడ పరాయివాళ్ళే వేశారు. రాతిగుండె అని ఊరంతా అంది, నేనూ అన్నాను. మా అబ్బాయి చేత మా నూబియాకి మాట పంపాను అంది. ఇప్పుడేమో ఇక ఎవరి కోసం దాచుకోను ఈ చేతులు అనుకుంటూ వెళ్ళింది."

నూబియా దిగువకి పరుగెత్తింది. పాప తల ఒక చేత్తో పట్టుకుని, రాళ్ళ మెట్ల మీద జారుతూ. ఆ చేతులు శవం మీద పడ్డాయంటే ఇక అంతే. పడితే తనూ పాపనివ్వదు, ఆ ముసలావిడా అందుకోదు. గాజు పెట్టె తప్ప ఇంకేమీ మిగలదు.

రొట్టెల దుకాణం ముందు జనం. లోపల జపమాల చెబుతున్నారు. పసిదానితో చావింటి దరిదాపులకి పోకూడదు. నూబియా ఎదుటి గోడకి ఆనుకుని నిలబడింది, బహుశా మెర్సెదెస్ పోయిననాడు ఓటిలియా నిలబడినట్టే.

"దోన్యా ఓటిలియా," అని పిలిచింది.

ప్రార్థన హోరులో ఎవరికీ వినిపించలేదు. మళ్ళీ పిలిచింది. గుమ్మంలో ఉన్నవాళ్ళు ఒకసారి తిరిగి చూసి ముఖాలు తిప్పుకున్నారు. లోపల రాగి బేసిన్‌లో నీళ్ళు పోస్తున్న చప్పుడు వినిపించింది.

"అత్తమ్మా," అని గొంతు చించుకుని అరిచింది నూబియా.

ప్రార్థన ఆగింది. జనం పక్కకి తప్పుకున్నారు. ఓటిలియా గుమ్మంలోకి వచ్చింది. చేతులు మోచేతుల దాకా పైకి మడిచి ఉన్నాయి. వీధికి అటువైపున కోడల్నీ, రువానా కింద ఆ పసుపుపచ్చ టోపీనీ చూసింది. రెండు చేతులూ పైకెత్తి, వెనకా ముందూ తిప్పి చూపించింది.

"ఇంకా ముట్టుకోలేదు," అంది.

చేతులు పొడిగా ఉన్నాయి. నూబియా గోడనుంచి ఒక అడుగు ముందుకి వేసింది. ఓటిలియా మాత్రం గుమ్మం దిగలేదు.

"వాడు పంపించాడా, నువ్వొచ్చావా?"

"నేనే వచ్చాను."

"నీ నోటితో చెప్పు. ఇంకోసారి మోసపోయే ఓపిక నాకు లేదు."

"హైరో సంగతి మర్చిపోలేదు నేను," అంది నూబియా. ఆమెకి ఏడుపొచ్చేసింది. "మర్చిపోలేను. కానీ ఇది నా దగ్గర నిద్రపోవడం లేదు. మీ దగ్గర పోతుంది. రండి."

"నేనూ మర్చిపోలేదు తల్లీ," అంది ముసలావిడ. అప్పుడు దిగింది.

మళ్ళీ కొండెక్కి అత్తగారింటికి వెళ్ళాక నూబియానే ఓటిలియా బ్లౌజు బొత్తాలు విప్పింది, నూబియానే ముడి వేసింది. ఆల్బా ఆ మడతల్లో ముక్కు రుద్దుకుని, ఒక్క నిట్టూర్పు విడిచి, చేతి పిడికిలి విప్పేసింది. ఎన్నాళ్ళనుంచో వెతుక్కుంటున్నది దొరికినట్టు. అది చూస్తే నూబియాకి సంతోషం ఎంత కలిగిందో, గుండె అంతగా కోసుకుపోయింది. పాప ఆ మెడ దగ్గర ఆ సుఖం నేర్చుకున్నన్నాళ్ళూ తను కార్నేషన్లకి కట్టలు కడుతూ మొగుణ్ణి పొగుడుకుంటోంది. ఆ రోజులు ఇక ఎవరూ తిరిగి ఇవ్వరు.

సాయంత్రం వెతుక్కుంటూ ఎవెలియో వచ్చాడు. గుమ్మంలో నిలబడి, లోపల తల్లి గుండె మీద కూతుర్నీ, పక్కనే ఒరిగి ఉన్న పెళ్ళాన్నీ చూశాడు. అతని ముఖం తేలికపడింది. నవ్వాడు కూడా.

"చూశావా మరి," అన్నాడు. "చివరికి నేను చేసిందే కరెక్టయింది కదా. ఇన్ని గొడవలు ఎందుకు పడ్డావో."

ఓటిలియా కొడుకు వైపు చూడలేదు. నూబియా లేచి గుమ్మం దాకా వెళ్ళింది.

"నువ్వు నా పేరు మీద ఆడిన అబద్ధాన్ని నేను నిజం చేయాల్సొచ్చింది," అంది. "నా బిడ్డ బతకాలని చేశాను. నువ్వు బాగు చేశావని కాదు. ఇక్కడే ఉంటాం మేము. నువ్వు ఆటకి పో."

"నూబియా, లోపలికి రానీ, చలిగా ఉంది."

"అవును," అంది. "పాపకి తగులుతుంది."

తలుపు వేసేసింది.